లేబర్ డే జాగారం

సెప్టెంబరు మొదటి సోమవారం అమెరికాలో లేబర్ డే సెలవు. ఆ ముందురోజు ఆదివారం మధ్యాహ్నమే నేను పులిహోర కలిపి, పెరుగన్నం తిరగమోత పెట్టి ఉంచేసేదాన్ని. రాత్రి తొమ్మిదికి జెర్రీ లూయిస్ టెలిథాన్ మొదలైతే సోమవారం సాయంత్రం ఆరున్నర దాకా సాగేది. ఇరవయ్యొకటిన్నర గంటల కార్యక్రమం అది. ఒంట్లో కండరాలు క్షీణించిపోయే జబ్బులున్నవాళ్ళ కోసం మస్క్యులర్ డిస్ట్రొఫీ అసోసియేషన్‌కి చందాలు పోగుచేసేవారు. పాటలు, హాస్యం, డాన్సులు, మధ్యలో జబ్బుతో బతుకుతున్న కుటుంబాల ముచ్చట్లు, అడుగున ఫోన్ నంబరు.

1975లో పెళ్ళై ఒహాయో వచ్చిన ఏడాది నుంచీ దాన్ని చూశాను. ఇంగ్లీషు సగం అర్థమయ్యే రోజుల్లో కూడా చూశాను. పదిమంది కోసం డబ్బు అడగడమంటే ఏమిటో నాకు అర్థమైంది ముందు ఆ టీవీ దగ్గరే. మా సంఘంలో కుర్రవాళ్ళు తుపాను వచ్చినా, బడి కట్టాలన్నా "అత్తయ్యగారూ, చందాలు ఎలా మొదలుపెడదాం?" అని అడుగుతుంటారు. వాళ్ళకి విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను.

1. లెక్క అందరి కళ్ళముందూ ఉండాలి

ఈ పద్ధతి జెర్రీ లూయిస్‌తో పుట్టింది కాదు. 1949లో మిల్టన్ బెర్ల్ అనే హాస్యనటుడు డేమన్ రన్యన్ క్యాన్సర్ నిధి కోసం పదహారు గంటలు టీవీలో నిలబడి పది లక్షల డాలర్లకు పైగా పోగుచేశాడు. అప్పటికి అమెరికాలో కూడా టీవీ ఉన్న ఇళ్ళు తక్కువే. జెర్రీ లూయిస్ లేబర్ డే టెలిథాన్ మొదలైంది 1966లో, న్యూయార్క్‌లో ఒకే ఒక్క స్టేషన్ మీద. వచ్చింది 10,02,114 డాలర్లు. వసూళ్ళు చూపించే బోర్డులో ఆరంకెలకే చోటుందట. అంత వస్తుందని ఎవరనుకున్నారు? చివరికి ఆయనే ఎక్కి ముందు ఒకటి అంకె రంగుతో వేశాడు. ఆ సంగతి విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నేను చూసేనాటికి కార్యక్రమం లాస్ వేగాస్‌కి మారింది, దేశమంతటా స్టేషన్లు చేరాయి. జెర్రీ కేక వేయగానే పెద్ద డప్పు మోగేది, ఎడ్ మెక్‌మాన్ గంభీరమైన గొంతుతో చెబుతుంటే బోర్డు మీద అంకెలు గిరగిరా తిరిగి కొత్త మొత్తం దగ్గర ఆగేవి. ఆ క్షణానికి మా పిల్లలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఐదు డాలర్లు చెప్పినవాడికి కూడా ఆ అంకెలో తన ఐదు ఉందని తెలిసేది. ఎంత వచ్చిందో, ఇంకెంత కావాలో తెలియనివ్వకుండా డబ్బు అడగకండి. ఆఖరున లెక్క చెబుతామంటే కుదరదు, అడుగుతున్నంతసేపూ చెబుతూనే ఉండాలి.

2. అడిగేవాళ్ళు ముందు నిద్ర మానుకోవాలి

మా ఊళ్ళో శివరాత్రికి గుడిలో హరికథ పెట్టేవారు. పది గంటలప్పుడు వచ్చే జనం వేరు, తెల్లవారుజామున మూడింటికి మిగిలే జనం వేరు. ఆ మిగిలినవాళ్ళు ఒకరికొకరు దగ్గరైపోతారు. టెలిథాన్‌లో కూడా సరిగ్గా అదే చూశాను. ఆదివారం రాత్రి జెర్రీ లూయిస్ నల్ల సూటూ, మెడకి బో కట్టుకుని మెరిసిపోతూ వచ్చేవాడు. తెల్లారేసరికి ఆ బో ముడి విప్పి మెడకి వేలాడుతుండేది, గొంతు బొంగురుపోయేది, కళ్ళు ఎర్రబడేవి. ఒక్కోసారి మాట తడబడేది. అయినా లేచి ఇంకో కుటుంబాన్ని పిలిచేవాడు. ఆఖరున 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' పాట పాడేటప్పుడు ఆయనకి కన్నీళ్ళు ఆగేవి కాదు, నాకూ ఆగేవి కావు.

అలసట నటించవచ్చని కొందరన్నారు. ఇరవై గంటలు నిలబడినవాడి అలసట అలసటే. ఇంట్లో సోఫాలో కూర్చున్న మనిషి చెక్కుపుస్తకం తీయడానికి కారణం చాలాసార్లు అదే: ఇతను మనకోసం కాదు, మరెవరికోసమో ఇంత కష్టపడుతున్నాడు కదా, మనం ఫోన్ కూడా చెయ్యలేమా అన్న సిగ్గు. మీరు హాయిగా పడుకుని, పొద్దున్నే పదిమందికి ఒకే మెసేజీ పంపి, ఎవరూ పలకలేదని బాధపడితే లాభం లేదు.

3. విడిపోయినవాళ్ళు కలిసే చోటు ఇది

1976 టెలిథాన్‌లో ఫ్రాంక్ సినాట్రా పాడటానికి వచ్చి, ఒక స్నేహితుణ్ణి తీసుకొచ్చానంటూ డీన్ మార్టిన్‌ని వేదిక మీదకి పిలిచాడు. జెర్రీ, డీన్ పదేళ్ళు జంటగా అమెరికాని నవ్వించి 1956లో విడిపోయారు. ఇరవై ఏళ్ళ తర్వాత అందరి ముందూ కావలించుకున్నారు. వాళ్ళెవరో, ఎందుకు విడిపోయారో మా వారు చెబితే తప్ప నాకప్పుడు తెలియదు. కానీ ఆ ఇద్దరు మగవాళ్ళ ముఖాలు చూస్తే చెప్పనక్కర్లేకపోయింది.

ఇక్కడ తెలుగు సంఘాలు రెండుగా, మూడుగా చీలిన తర్వాత ఈ దృశ్యం నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. ఒక సంఘం వాళ్ళు ఇంకో సంఘం పిక్నిక్‌కి వెళ్ళరు. మన దగ్గర వరద వస్తే మాత్రం ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. పెద్దమనుషులు కుదర్చలేని రాజీ అక్కడ కుదరడం నేను కళ్ళారా చూశాను. అందుకని చందాల కమిటీ వేసేటప్పుడు మాటల్లేనివాళ్ళ పేర్లు పక్కపక్కన రాయండి.

4. చిల్లరని చిన్నచూపు చూడొద్దు

టెలిథాన్‌లో కంపెనీల వాళ్ళు తలుపంత అట్టముక్క మీద రాసిన చెక్కులు పట్టుకొచ్చేవాళ్ళు. అవి నాకు పెద్దగా గుర్తులేవు. గుర్తున్నవి అగ్నిమాపక సిబ్బంది బూట్లు. 1954 నుంచీ వాళ్ళకిదొక సంప్రదాయం. ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర నిలబడి, మోకాళ్ళదాకా వచ్చే తమ రబ్బరు బూటుని చాపి కారు కారుకీ అడిగేవారు. మంటల్లోకి వేసుకెళ్ళే బూటు అది. అందులో పావలా డాలరు వేసినా దండం పెట్టినట్టే తల ఊపేవారు.

పిల్లలకి ఇంకో దారి ఉండేది. అసోసియేషన్‌కి ఉత్తరం రాస్తే పెరట్లో చిన్న తిరునాళ్ళు పెట్టుకోవడానికి కావలసిన కాగితాలు, పోస్టర్లు పంపేవాళ్ళు. మా అమ్మాయి, మా వీధిలో పిల్లలు కలిసి ఒక వేసవిలో మా పెరట్లో పెట్టారు. రింగులు విసిరే ఆట, నిమ్మకాయ షర్బత్తు, నేను వేయించిన పకోడీలు. ఎదురింటి అబ్బాయి చక్రాల కుర్చీలో టికెట్ల డబ్బా దగ్గర కూర్చున్నాడు. వాడికి డుషేన్ అనే రకం కండరాల జబ్బు. ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. మూడు నాలుగేళ్ళప్పుడు మెట్లెక్కలేకపోవడంతో బయటపడి, పన్నెండేళ్ళు నిండేసరికి నడక ఆగిపోతుంది. వాడు డబ్బు లెక్క ఎంత గట్టిగా చూశాడంటే, నా పకోడీలకి కూడా నా దగ్గర టికెట్టు వసూలు చేశాడు. ఆ నాణేలు సంచిలో పోసుకుని టీవీ స్టేషన్‌కి వెళ్ళి, వాకిట్లో పెట్టిన గాజు తొట్టిలో కుమ్మరించి వచ్చారు. ఇవ్వడం నేర్చుకోవడానికి ఆరేడేళ్ళ వయసు సరిగ్గా సరిపోతుంది. మా అమ్మాయికి ఇప్పుడు యాభైకి దగ్గరపడుతున్నాయి, జీతం రాగానే కొంత పక్కన పెట్టడం దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

5. దివిసీమ రాత్రి

ఇది పాఠమో, జ్ఞాపకమో నేను విడదీసి చెప్పలేను.

1977 నవంబరు 19న మా కృష్ణాజిల్లా మీద తుపాను పడింది. దివిసీమలో సముద్రం ఊళ్ళమీదకి వచ్చేసింది. పదివేలమందికి పైగా పోయారు. నాగాయలంక వైపు సొర్లగొందిలాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మా పుట్టిల్లు బందరు. పిన్నిని ఇచ్చింది అవనిగడ్డ పక్క ఊరికి. ఇక్కడ రేడియోలో ఒక వాక్యం, పేపర్లో లోపలి పేజీలో నాలుగు పంక్తులు. ట్రంక్ కాల్ దొరకదు. ఉత్తరం రావాలంటే వారాలు. ఆ రోజుల్లో చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎంత నరకమో, ఇప్పుడు జేబులో ఫోన్ ఉన్నవాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

ఏం చెయ్యాలో తోచక ఉన్న నాకు సెప్టెంబరులో చూసిన టెలిథాన్ గుర్తొచ్చింది. మాకు టీవీ స్టేషన్ లేదు, గాయకులు లేరు. ఫోన్ ఉంది. ఆ ఏడాదే న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగువాళ్ళ మొదటి మహాసభ జరిగింది. దానికి వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గర పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్నాయి. ఆ జాబితాని మూడు కుటుంబాలవాళ్ళం పంచుకుని శనివారం పొద్దున్న నుంచి ఆదివారం రాత్రి దాకా, ఎవరింట్లోంచి వాళ్ళం, ఆపకుండా ఫోన్లు చేశాం. మా హాల్లో గోడకి పెద్ద కాగితం అంటించి ఎర్ర రంగుతో మొత్తం రాస్తూ వచ్చాను. గంటకోసారి మిగతా రెండిళ్ళకీ చెప్పేదాన్ని. "ఇప్పటికి ఇంతయింది వదినా" అంటే అవతల ఆవిడ గొంతు లేచేది, మరో నంబరు తిప్పేది.

అప్పుడు తెలిసిన సంగతులివి. మొదట "మీకు తోచింది ఇవ్వండి" అని అడిగాను. తోచేది తక్కువే ఉంటుంది. టెలిథాన్‌లో ఊరికే డబ్బు అనరు. ఒక పిల్లాడు వేసవి శిబిరానికి వెళ్ళాలంటే ఇంత, కాలికి పట్టీలు చేయించాలంటే ఇంత అని చెబుతారు. నేనూ మార్చాను. ఒక పాక మళ్ళీ వేయాలంటే ఇంత, ఒక కుటుంబానికి నెలకి బియ్యం ఇంత అని లెక్కగట్టి అడిగాను. ఎదుటిమనిషి మనసులో ఒక పాక నిలబడగానే మాట మారిపోయేది. ఇంకోటి. ఫోన్ తీసిన ప్రతివాళ్ళూ ముందు తమవాళ్ళ గురించి చెప్పుకునేవారు. మాది గుంటూరు, మా అన్నయ్య బాపట్లలో ఉన్నాడు, కబురు తెలియడం లేదు అని. నేను వినేదాన్ని. డబ్బు మాట ఎత్తకుండానే చాలామంది ఎంత ఇస్తారో తామే చెప్పారు. అర్ధరాత్రి దాటాక కాలిఫోర్నియాకి చేశాం, అక్కడ ఇంకా తొమ్మిదే కదా.

తర్వాత వచ్చిన ఉత్తరంలో మా తమ్ముడు రాశాడు: ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సినిమావాళ్ళందరూ జోలెపట్టి ఊరూరా విరాళాలు అడుగుతున్నారని, గాజులు తీసిచ్చిన ఆడవాళ్ళని చూశానని. అది చదివినప్పుడు సముద్రానికి అటూ ఇటూ ఒకే పని చేస్తున్నామన్న ధైర్యం కలిగింది. పిన్ని వాళ్ళు డాబా మీదకెక్కి బతికారు. వాళ్ళ పాలేరు కుటుంబం బతకలేదు.

6. మాట ఇచ్చినవాళ్ళని మళ్ళీ పలకరించాలి

ఆ అనుభవం తర్వాతే ఇక్కడ మా ఊరి టీవీ స్టేషన్‌లో టెలిథాన్ ఫోన్ల దగ్గర కూర్చోవడానికి పేరిచ్చాను. చీరలోనే వెళ్ళేదాన్ని. పొడుగు బల్లల మీద వరసగా ఫోన్లు, మా వెనక లైట్లు. పిలిచినవాళ్ళ పేరు, చిరునామా, చెప్పిన మొత్తం కార్డు మీద రాయాలి, తిరిగి చదివి వినిపించాలి, ధన్యవాదాలు చెప్పాలి. తర్వాత సంస్థ కవరు పంపితే వాళ్ళు చెక్కు పెట్టి పంపాలి. రాత్రి చెప్పిన మాట, వారం తర్వాత చేతికొచ్చే డబ్బు ఒకటి కావు. చిరునామాలో ఒక్క అంకె తప్పు రాస్తే కవరు చేరదు, డబ్బు రాదు. అందుకే చేతిరాత బాగున్నవాళ్ళని, ఓపిగ్గా వినేవాళ్ళని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టండి. పాటలు పాడేవాళ్ళు దొరుకుతారు. వీళ్ళు దొరకడమే కష్టం.

7. ఫలితం తర్వాతి తరానికి అందొచ్చు

ఏటా అడుగుతారు, ఏటా ఇస్తాం, జబ్బు అలాగే ఉందే అని మా వారు ఒకసారి అన్నారు. 1986లో బోస్టన్‌లో లూయిస్ కుంకెల్ బృందం డుషేన్ జబ్బుకి కారణమైన జన్యువుని కనిపెట్టింది. మరుసటి ఏడాది ఆ జన్యువు తయారుచేసే డిస్ట్రొఫిన్ అనే ప్రోటీన్‌ని గుర్తించారు. కండరపు కణం పొర చిరిగిపోకుండా కాపాడేది అదే, ఆ పిల్లల్లో లేనిది అదే. ఆ పరిశోధనకి టెలిథాన్ నడిపిన సంస్థ డబ్బు పెట్టింది. బూట్లలో పడిన నాణేలు, మా పెరటి పకోడీల డబ్బు అందులో ఉన్నట్టే లెక్క. అమెరికాలో ఆ జన్యులోపాన్ని ఉద్దేశించి చేసిన మొదటి మందుకి అనుమతి దొరికింది 2016లో. అదీ కొందరికే పనికొచ్చేది.

ఎదురింటి అబ్బాయి అంతకాలం ఉండలేదు. జన్యువు కనిపెట్టారన్న వార్త వచ్చిన రోజు వాళ్ళమ్మ పేపరు పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. వాడు కాలేజీలో చేరాడు, ఇరవై దాటాక ఊపిరి అందక పోయాడు. ఈ రోజుల్లో ఊపిరితిత్తులకీ గుండెకీ మంచి వైద్యం అందితే ఆ జబ్బున్నవాళ్ళు ముప్పై దాటి బతుకుతున్నారు. వాళ్ళమ్మ ఆ తర్వాత కూడా ఏటా టెలిథాన్‌కి డబ్బు పంపింది.

8. ఎవరికోసం అడుగుతున్నామో వాళ్ళ చేతికి మైకు ఇవ్వాలి

ఆ అబ్బాయే పదమూడేళ్ళప్పుడు మా హాల్లో టెలిథాన్ చూస్తూ అడిగాడు: "ఆంటీ, వాళ్ళమ్మ ఏడుస్తుంటే కెమెరా ఎందుకంత దగ్గరికి తెస్తారు?" వేసవి శిబిరమంటే వాడికి ప్రాణం. క్లినిక్‌లో డాక్టరంటే ఇష్టం. టీవీలో తనలాంటివాళ్ళని చూపించే తీరు మాత్రం నచ్చేది కాదు.

వాడొక్కడే కాదు. 1981లో ఎవన్ కెంప్ అనే లాయరు, తనకీ కండరాల జబ్బే ఉన్న మనిషి, న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు: ఈ కార్యక్రమం మమ్మల్ని ఎప్పటికీ పిల్లల్లా, నిస్సహాయుల్లా చూపిస్తోంది, ఆ జాలి మాకు ఉద్యోగాలు రాకుండా చేస్తోంది అని. 1991లో మైక్ ఎర్విన్, అతని తోబుట్టువు క్రిస్ మాథ్యూస్ షికాగోలో నిరసనకి దిగారు. చిన్నప్పుడు ఆ సంస్థ పోస్టర్ల మీద నవ్విన పిల్లలే వాళ్ళు. నలభై ఏళ్ళొచ్చి, ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి కూడా టెలిథాన్‌లో 'జెర్రీ పిల్లల్లో ఒకడు' అంటే ఎలా ఉంటుంది? బస్సెక్కడానికి ర్యాంపు, పని ఇవ్వడానికి యజమాని కావాలి గాని కన్నీళ్ళెందుకు అన్నారు. అంతకు ముందు సంవత్సరమే, 1990లో, వికలాంగుల హక్కుల చట్టం అమెరికాలో వచ్చింది. ఆ చట్టం కోసం పోరాడినవాళ్ళకి ఆ పడికట్టు జాలి మాటలు ఎందుకు గుచ్చుకున్నాయో నాకు పూర్తిగా అర్థమవుతుంది.

జెర్రీ లూయిస్ చేసిన పనిమీద నాకున్న గౌరవం ఇందువల్ల తగ్గలేదు. మా కళ్ళకి కనబడని జబ్బుని ప్రతి ఇంటికీ తెలిసేలా చేశాడు. నిరసన చేసినవాళ్ళు చెప్పిందీ నిజమే. రెండూ కలిపి పట్టుకోవాలి. దివిసీమ గురించి తర్వాత మళ్ళీ అడిగేటప్పుడు కూడా శవాల ఫొటోలు చూపిద్దామని ఒకరన్నారు. మా తమ్ముడి ఉత్తరం చదివి వినిపిద్దామని నేనన్నాను. అక్కడి మనిషి మాట అక్కడి మనిషి చేత చెప్పిస్తే చాలు. ఇప్పుడు వీడియో కాల్ ఉంది. వరదలో ఇల్లు పోయినామెని అడిగి, ఆమె ఒప్పుకుంటే, ఆమె చేతే ఏం కావాలో చెప్పించండి. పప్పులు వద్దు, కుట్టు మిషను కావాలి అంటుందేమో.

9. కార్యక్రమం ఆగిపోయినా అలవాటు ఆగక్కర్లేదు

2008లో ఆ టెలిథాన్‌కి ఆరున్నర కోట్ల డాలర్లు వచ్చాయి, అదే అన్నిటికన్నా ఎక్కువ. 2010 తర్వాత అందులో జెర్రీ లూయిస్ లేడు. 2011లో ఆరు గంటలకి కుదించారు, చివరికి రెండు గంటలు. 2015లో ఇక ఉండదన్నారు. ఆయన 2017లో తొంభయ్యొకటేళ్ళ వయసులో పోయాడు. 2014 వేసవిలో జనం నెత్తిన మంచునీళ్ళ బకెట్లు కుమ్మరించుకుని వీడియోలు పెడితే, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుకి పది కోట్ల డాలర్లకు పైగా పోగయ్యాయి. రాత్రంతా టీవీ ముందు కూర్చునే కాలం పోయిందని నేనూ ఒప్పుకుంటాను.

కానీ అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. నవంబరు 30న హైదరాబాద్‌లో తెలుగు సినిమావాళ్ళంతా చేరి 'మేము సైతం' పేరుతో రోజంతా టెలిథాన్ చేశారు. ఇక్కడ మా ఇంట్లో అర్ధరాత్రి నుంచీ కూర్చుని చూశాను. హీరోలు ఆటలాడారు, పాడారు, ఒకరినొకరు ఏడిపించుకున్నారు. మా మనవరాలు పక్కన కూర్చుని ఎవరెవరో చెప్పమంది. దానికి దివిసీమ సంగతి మొదటిసారి ఆ రాత్రే చెప్పాను.

మా సంఘం కుర్రవాళ్ళు ఈసారి పన్నెండు గంటలు జూమ్‌లో చేద్దామంటున్నారు, ఊళ్ళో బడికి మరుగుదొడ్ల కోసం. మంచి ఆలోచన. బడి పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల చేత మాట్లాడించండి, వాళ్ళకే తెలుసు ఆ బాధ. మొత్తం ఎంతయిందో తెర మీద ఒక మూల ఎప్పుడూ కనబడాలి. ఫోన్ నంబరు కూడా పెట్టండి, నా వయసువాళ్ళు లింకులు నొక్కరు, మనిషి గొంతు వింటేనే ఇస్తారు. ఆ ఫోన్ దగ్గర నేను కూర్చుంటాను. రాత్రి రెండు నుంచి ఆరు దాకా నాకు రాయండి, పిల్లలున్నవాళ్ళకి ఆ వేళ కష్టం.